హై-రెస్ ఆడియోలో నిజంగా తేడా ఉందా? మా నాన్న మాత్రం క్యాసెట్టే బాగుండేదంటున్నారు

గోదారి గట్టు:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి, కొంచెం పొడుగైతే ఏమీ అనుకోకండి.

మాది రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాద్‌లో, వయసు 36. పాటలంటే ప్రాణం. ఇంజనీరింగ్ రోజుల్లో కోఠీలో ఒక్కో సీడీలో నూటయాభై పాటలు ఎక్కించి అమ్మేవాళ్ళు, ఆ ఎంపీత్రీలే ఇప్పటికీ నా హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. రెండు నెలల క్రితం ఒక మ్యూజిక్ యాప్‌లో హై-రెస్ ప్లాన్, అంటే సీడీ కన్నా ఎక్కువ క్వాలిటీ అని చెప్పే ప్లాన్ తీసుకున్నాను. పాట పెట్టగానే కింద "24 బిట్, 192 కిలోహెర్ట్జ్" అని వస్తుంది. ఎనిమిది వేలు పెట్టి కొన్న బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఉంది, దాంతోనే వింటాను. మొదటి రోజు నిజంగా ఒళ్ళు పులకరించింది. వారం తర్వాత మా ఆవిడకి పాత ఎంపీత్రీ ఒకసారి, హై-రెస్ ఒకసారి వినిపించి ఏది ఏదో చెప్పమంటే "రెండూ ఒకటేగా, రెండోది కాస్త సౌండ్ ఎక్కువుంది అంతే" అంది. అప్పటినుంచి నాకూ అనుమానం పట్టుకుంది.

షాపులో అడిగితే, డాక్ లేకుండా హై-రెస్ వినడం దండగ, 22 వేలది ఒకటి తీసుకోండి అన్నారు. కొనేద్దామని దాదాపు నిర్ణయించుకున్నాను కూడా.

ఈలోపు పండక్కి ఊరెళ్ళాను. నాన్న దగ్గర ఎనభై దాకా క్యాసెట్లున్నాయి, ఎక్కువ ఘంటసాల గారి పద్యాలు, పాత సినిమా పాటలు. వాటిలో ఉన్న ఒక పాటే యాప్‌లో హై-రెస్ అని కనిపిస్తే పెట్టి, హెడ్‌ఫోన్ ఆయన చెవులకి తగిలించాను. కళ్ళు మూసుకుని పల్లవి, ఒక చరణం విని తీసేశారు. "గొంతు కడిగేసినట్టుంది రా. మన క్యాసెట్‌లో మనిషి పక్కన కూర్చుని పాడినట్టుండేది" అన్నారు. టేప్ రికార్డర్ బెల్టు సాగిపోయి ఏడెనిమిదేళ్ళయింది, పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు. కానీ ఆ మాట నన్ను వదలట్లేదు. ఆయనకి మంచిది వినిపిద్దామని వెళ్ళాను, ఆయన దగ్గరున్నదే మంచిదని తేలితే ఏం చేయాలి?

అడగాలనుకున్నవి ఇవి. హై-రెస్‌లో తేడా నిజమా, మన ఊహా? క్యాసెట్ బాగుండేదన్న నాన్న మాటలో ఏమైనా నిజముందా, లేక అది అలవాటేనా? డాక్ కొనాలా? ఆ క్యాసెట్లు పాడైపోకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే ఏ ఫార్మాట్‌లో ఎక్కించాలి?

ఫేడర్:

గోదారి గట్టు గారూ, ముందు డబ్బు సంగతి చెప్తాను. ఆ డాక్ కొనకండి. డాక్ అంటే అంకెల్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే చిప్, బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో అది లోపలే ఉంటుంది. బయట మీరు ఎంత ఖరీదైనది కొన్నా దానికీ మీ హెడ్‌ఫోన్‌కీ సంబంధమే లేదు. ఈ ఒక్క మాట షాపులో చెప్పి ఉండాల్సింది, నాకు నిజంగా కోపం వచ్చింది చదువుతుంటే.

ఇంకో సంగతి, మీరు ఇప్పటిదాకా 192 కిలోహెర్ట్జ్ ఒక్క సెకను కూడా వినలేదు. లెక్క చూడండి. 24 బిట్, 192 అంటే రెండు చానెళ్ళకి కలిపి సెకనుకి 9,216 కిలోబిట్లు. మామూలు సీడీ 1,411. బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే పద్ధతిని కోడెక్ అంటారు, అన్నిట్లో ఉండే ఎస్‌బీసీ కోడెక్ 328 దగ్గర ఆగిపోతుంది, సోనీ వాళ్ళ ఎల్‌డాక్ కోడెక్ చాలా మంచి సిగ్నల్ ఉన్నప్పుడు 990 దాకా వెళ్తుంది. అంటే ఫోన్‌లోకి పెద్ద ఫైల్ వచ్చింది నిజమే, చెవి దాకా వెళ్ళేముందు దాన్ని మళ్ళీ నలిపి పంపారు. తెరమీద కనిపించే అంకె యాప్ దగ్గరకి వచ్చిన ఫైల్‌ది, మీ చెవిలో పడేదానిది కాదు.

ఇక అసలు ప్రశ్న. నేను ఇరవై ఏళ్ళుగా రికార్డింగ్ పనిలో ఉన్నాను, సినిమా పాటలు కొన్ని, కచేరీలు ఎక్కువ. సీడీ 1982లో వచ్చింది, 16 బిట్, సెకనుకి 44,100 శాంపిల్స్, అంటే శబ్దాన్ని సెకనుకి అన్నిసార్లు కొలిచి అంకెగా రాసుకోవడం. ఎన్ని శాంపిల్స్ తీస్తే అందులో సగం హెర్ట్జ్ దాకా శబ్దం పట్టుబడుతుంది, 44,100లో సగం 22,050. అంటే అంతవరకూ ఉన్న ప్రతి శబ్దమూ తిరిగి వస్తుంది, దగ్గరదగ్గరగా కాదు, పూర్తిగా. చాలామంది శాంపిల్స్ అంటే మెట్లు మెట్లుగా ఉంటుందనీ, శాంపిల్స్ పెంచితే ఆ మెట్లు నున్నగా అవుతాయనీ అనుకుంటారు, యూట్యూబ్‌లో బొమ్మలు కూడా అలాగే గీస్తారు. డాక్ నుంచి బయటికొచ్చే సిగ్నల్‌లో మెట్లు ఉండవు, నున్నటి అలే వస్తుంది. 96, 192 ఇచ్చేదల్లా 22 వేల హెర్ట్జ్ పైన ఉండే శబ్దం, అది మనిషి చెవికి అందేది కాదు. చిన్నపిల్లలకి 20 వేల దాకా వినిపిస్తుంది, మన వయసుకి పదహారు, పదిహేడు వేలు దాటి వినిపిస్తే గొప్పే.

బిట్లంటే నున్నదనం కాదు, అడుగున ఉండే చప్పుడు. ఒక్కో బిట్‌కి ఆరు డెసిబెల్స్ చొప్పున 16 బిట్లకి 96. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూడా 30 డెసిబెల్స్ చప్పుడు ఉంటుంది, దానిమీద 96 వేస్తే 126, చెవులు నొప్పిపుట్టే హద్దు దాటిపోయాం. వినడానికి అంతకన్నా ఎందుకు?

మరి స్టూడియోలో 24 ఎందుకు వాడతాం అంటారా, రికార్డు చేసేటప్పుడు అది తప్పనిసరి. సౌండ్ చెక్‌లో మృదంగం ఆయన వేళ్ళతో మెల్లగా తాకిస్తారు, తని ఆవర్తనం దగ్గరికొచ్చేసరికి దానికి నాలుగింతలు వాయిస్తారు. అందుకని లెవెల్ బాగా తగ్గించి పెట్టుకుంటాం. 24 బిట్‌లో అలా తగ్గించినా అడుగు చప్పుడు పైకి రాదు. పని అయిపోయాక, లెవెల్స్ అన్నీ సర్దాక, జనానికి ఇచ్చేదానికి 16 చాలు.

మొదటి రోజు మీకు పులకింత వచ్చింది అన్నారు కదా, అది అబద్ధమేమీ కాదు. మీ కోఠీ ఎంపీత్రీలు 128 కిలోబిట్లవి అయి ఉంటాయి, వాటిలో 16 వేల హెర్ట్జ్ పైన కోసేస్తారు, కింద కూడా చాలా పారేస్తారు. దానికీ సీడీకీ తేడా ఎవరికైనా పట్టుకోవచ్చు. మీ ఆవిడ గారు సౌండ్ ఎక్కువుంది అన్నారే, అది ఇంకా ముఖ్యమైన మాట. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా మన చెవికి అది "క్లియర్‌గా" ఉన్నట్టు అనిపిస్తుంది, సౌండ్ ఎక్కువని అనిపించదు. వాల్యూమ్ సమానం చేయకుండా చేసిన ఏ పోలికనీ నేను నమ్మను, నాదైనా సరే.

తీగమీద:

ఫేడర్ గారూ, లెక్కలన్నీ ఒప్పుకుంటాను, కానీ చెవి గురించి అంత తేలిగ్గా తీర్పు ఇవ్వకండి. నేను ముప్పై ఏళ్ళుగా వీణ వాయిస్తున్నాను. తంబురా శ్రుతి చేసేటప్పుడు తీగ కింద సన్నటి దారం ఉంటుంది కదా, దాన్ని గోటితో వెంట్రుకవాసి జరిపితే చాలు, అప్పటిదాకా మొద్దుగా ఉన్న తీగ ఒక్కసారి విచ్చుకుంటుంది. ఎదురుగా కూర్చున్న కొత్తవాళ్ళకి ఆ తేడా తెలియదు, నాకు తెలుస్తుంది. అలవాటు పడిన చెవి వేరు. నా దగ్గర ఒక కచేరీ 24/96 ఫైల్ (24 బిట్, 96 కిలోహెర్ట్జ్), అదే కచేరీ సీడీ రెండూ ఉన్నాయి, వైరున్న మంచి హెడ్‌ఫోన్‌తో వింటే మొదటిదాంట్లో తంబురా చుట్టూ గాలి ఉన్నట్టుంటుంది, సీడీలో గోడకి అతుక్కున్నట్టుంటుంది. ఊహ అంటే నేను ఒప్పుకోను.

పరిశోధన కూడా ఉంది. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ నుంచి జాషువా రీస్ అనే ఆయన 18 ప్రయోగాల ఫలితాలు కలిపి చూశారు, పన్నెండున్నర వేలకి పైగా పరీక్షలు. జనం హై-రెస్‌ని గుర్తుపట్టగలుగుతున్నారనే తేలింది.

ఫేడర్:

అమ్మా, మీ చెవిమీద నాకు అనుమానం లేదు, ఆ దారం సంగతి స్టూడియోలో ఎన్నిసార్లు చూశానో. కానీ ఆ దారం జరిపితే మారేది మన చెవికి అందే స్థాయిలోనే, మూడు వేలు, ఐదు వేలు, ఎనిమిది వేల హెర్ట్జ్‌లో. ఆ మార్పుని సీడీ ఒక్క వెంట్రుక కూడా పోకుండా పట్టుకుంటుంది.

రీస్ గారి పేపరు నేనూ చదివాను. గుర్తుపట్టింది నూటికి 52.3. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది. ముందుగా శిక్షణ ఇచ్చినవాళ్ళకి 60 దాకా వచ్చింది, అది నిజమైన తేడానే, కాదనను. అయితే అది నెలకి ఇంత కట్టే, 22 వేలు పెట్టే తేడా అవునా కాదా అన్నదే గోదారి గట్టు గారి ప్రశ్న. ఇంకో ప్రయోగం 2007లో మేయర్, మోరాన్ చేశారు. హై-రెస్ డిస్కు ఆడుతుండగా దారిలో సీడీ స్థాయికి తగ్గించే పెట్టె ఒకటి పెట్టి, అది ఉన్నప్పుడూ లేనప్పుడూ వినిపించారు. 554 సార్లకి 276 సార్లు సరిగ్గా చెప్పారు, అంటే సగం. వాళ్ళు వాడిన డిస్కుల్లో కొన్ని అసలు హై-రెస్సే కావని తర్వాత విమర్శ వచ్చింది, అది కూడా చెప్పాలి. కానీ ఆ పేపర్లో నాకు అన్నిటికన్నా విలువైన మాట ఇంకొకటుంది. ఆ హై-రెస్ డిస్కులు మామూలు సీడీలకన్నా నిజంగానే బాగున్నాయట. కారణం అంకెలు కాదు, వాటిని శ్రద్ధగా వినేవాళ్ళు కొంటారని ఇంజనీర్లు శ్రద్ధగా మాస్టర్ చేశారు (విడుదలకి ముందు చివరిగా సౌండ్ సర్దడం), సీడీలని మాత్రం గట్టిగా మోగాలని నొక్కి పారేశారు.

మీ దగ్గరున్న రెండు ఫైళ్ళలో మీరు విన్న తేడా నిజమే అయి ఉంటుంది, కానీ అవి రెండు వేర్వేరు మాస్టర్లు. ఫార్మాట్‌ని మాత్రమే పరీక్షించాలంటే ఆ 24/96 ఫైల్‌నే 16/44.1కి తగ్గించి, మళ్ళీ 24/96కి పెంచండి. పోయింది ఎలాగూ తిరిగి రాదు, కానీ ప్లేయర్ ఒక రేటు నుంచి ఇంకో రేటుకి మారేటప్పుడు వచ్చే చిన్న "టిక్" శబ్దం ఉండదు, దాన్నిబట్టి కనిపెట్టేస్తారు లేకపోతే. కంప్యూటర్‌లో ఫూబార్2000 అని ఉచిత ప్లేయర్ ఉంది, దానికి ఏబీఎక్స్ అనే కాంపొనెంట్ పెట్టుకుంటే ఏది ఏదో మీకు చూపించకుండా వినిపిస్తుంది. 16 సార్లు చేయండి. పన్నెండు, అంతకన్నా ఎక్కువ సరిగ్గా వస్తే అది గుడ్డిగా తగిలింది కాదు.

తీగమీద:

చేస్తాను. ఫలితం ఏదైనా ఇక్కడే రాస్తాను.

న్యూజెర్సీ నాని:

నాది చిన్న మాట. రోజుకి రెండు గంటలు కార్లో వింటాను, హైవే మీద టైర్ల మోతలో ఏ ఫార్మాటైనా ఒకటే. ఐదు నిమిషాల పాట 24/192లో కుదించకముందు 345 ఎంబీ, సీడీ క్వాలిటీలో 53, ఎంపీత్రీ 320లో 12. నేను యాప్‌లో 256 దగ్గర పెట్టేశాను, ఇంట్లో కూర్చుని వినేవాటికి మాత్రం ఫ్లాక్, అంటే ఏదీ పోకుండా కుదించే ఫార్మాట్. మన పాత తెలుగు పాటలకి ఏ యాప్‌లోనైనా అసలు సమస్య క్వాలిటీ కాదు, సగం పాటలు తప్పుడు పేర్లతో, తప్పుడు గాయకుల పేర్లతో ఉంటాయి. అది ఎవరైనా బాగుచేస్తే రెండింతలు కట్టడానికి నేను సిద్ధం.

పాత ప్లేట్లు:

బాబూ గోదారి గట్టూ, నాకు అరవై దాటాయి, విజయవాడలో ఉంటాను, ఇంట్లో వెయ్యి దాకా గ్రామఫోను ప్లేట్లున్నాయి, వాటితోనే నా కాలక్షేపం. మీ నాన్నగారు సరిగ్గా విన్నారు. ఆయన్ని తక్కువ అంచనా వేయకు.

క్యాసెట్ గొప్పదని నేననడం లేదు. ఆ టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు, సెకనుకి ఐదు సెంటీమీటర్లు కూడా నడవదు. దాని చప్పుడుకీ పాటకీ మధ్య 50, 55 డెసిబెల్స్ ఉంటే ఎక్కువ, ఫేడర్ గారి లెక్కలో చెప్పాలంటే తొమ్మిది బిట్లు. ఎల్పీ పదకొండు అనుకో. ప్లేటు మీద ముల్లు లోపలికి వెళ్ళేకొద్దీ చుట్టు చిన్నదై స, ష పలికిన చోట చిరుగుతుంది కూడా, నా ప్రాణం అవే అయినా ఆ మాట ఒప్పుకోవాలి.

అయితే 1950ల పాట మనదాకా ఎలా వచ్చిందో చూడు. సినిమా సౌండ్ ట్రాకు మీద మోనోలో ఉంటుంది, లేదా కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చువేసిన 78 ప్లేటు మీద ఉంటుంది, వైపుకి మూడు నిమిషాల చిల్లర. ఆ ప్లేట్లలో ఎనిమిది వేల హెర్ట్జ్ దాటితే పాట కన్నా గరగరే ఎక్కువ. దాన్ని 192 కిలోహెర్ట్జ్‌లో ఎక్కిస్తే 96 వేల హెర్ట్జ్ దాకా చోటు ఇచ్చినట్టు, ఎనిమిది నుంచి ఆ పైదంతా నువ్వు గరగరకి డబ్బు కడుతున్నావు. ఘంటసాల గారు 1974లో పోయారు, ఆయన గొంతు డిజిటల్‌లో పుట్టింది ఒక్కటీ లేదు. అది ఏ టేపు నుంచి, ఏ ప్లేటు నుంచి తీశారు, ఎవరు తీశారు, దానిమీదే అంతా ఉంటుంది.

మీ నాన్నగారు గొంతు కడిగేసినట్టుంది అన్నారు చూడు, అంతకన్నా బాగా నేను చెప్పలేను. గరగర తీసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. తగుమాత్రంగా వాడితే మంచిదే. ఎక్కువ వాడితే అది గరగరనీ గొంతులోని ఊపిరినీ వేరు చేయలేదు, రెండూ ఒకేలా "స్స్" అనే ఉంటాయి కదా. పద్యం ఎత్తుకునే ముందు తీసుకున్న ఊపిరి పోతుంది, పాదం చివర ఖంగుమన్న అక్షరం గాల్లో కరిగే తీరు పోతుంది, పక్కన హార్మోనియం బెల్లో ఆడిన చప్పుడు పోతుంది. మిగిలేది గొంతే, కానీ అది గదిలో పాడుతున్న మనిషి గొంతు కాదు. క్యాసెట్లో హిస్సు ఉంది, కానీ ఊపిరీ ఉంది. పైగా టేపు గట్టి శబ్దాన్ని కొంచెం నొక్కుతుంది, దాంతో మెల్లగా పలికిన మాట ముందుకొస్తుంది, పక్కన కూర్చుని పాడినట్టు అనిపించేది అందుకే. ఆయన వయసుకి హిస్సు కూడా మనకన్నా తక్కువే వినిపిస్తుంది. అలవాటు కొంత ఉంటుంది, ఉండకుండా ఎలా ఉంటుంది, కానీ అది మొత్తం కారణం కాదు.

ఇక ఎక్కించే సంగతి. ఇక్కడ మాత్రం పెద్ద అంకెలే వాడు. వినడానికి 16 చాలు, దాచడానికి 24 కావాలి, ఎందుకంటే రేపు లెవెల్ పెంచాలి, చప్పుడు తగ్గించాలి, ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తుంది, అప్పుడు పని చేయడానికి సరుకు ఉండాలి. ప్రపంచ సౌండ్ ఆర్కైవుల సంఘం ఐఏఎస్‌ఏ కూడా తక్కువలో తక్కువ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అంటుంది, 96 అయితే మరీ మంచిదంటుంది. గంట క్యాసెట్ 24/96లో రెండు జీబీ చొప్పున ఎనభైకీ 160 చిల్లర అవుతుంది, ఈ రోజుల్లో అదేమంత. లెవెల్ పైకి వెళ్ళినప్పుడు కూడా మీటరు చివరి హద్దయిన సున్నాకి ఆరు డెసిబెల్స్ కిందే ఉండేలా పెట్టుకో. ఎక్కించిన అసలు ఫైలు మీద ఏ ఫిల్టరూ వేయకు, దాన్ని అలాగే దాచి, కాపీ తీసుకుని దానిమీద నీ ఇష్టం.

అన్నిటికన్నా ముందు అజిమత్. టేపు హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. హెడ్డు టేపుకి నిలువుగా లేకుండా కాస్త ఒరిగినా పై శబ్దాలన్నీ మాయమైపోతాయి, దుప్పటి కప్పినట్టుంటుంది. రెండు చానెళ్ళూ కలిపి మోనోలో వింటూ, సన్న స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూని అటూ ఇటూ గోరంత తిప్పు. ఒక చోట "స" అనే అక్షరం టక్కున తేటపడుతుంది. అక్కడ ఆపేయి. ప్రతి క్యాసెట్‌కీ మళ్ళీ చూసుకోవాలి, ఏ మిషను మీద రికార్డయిందో దాని ఒరుగు దానిది. జనం రెండు వందల డాలర్ల డాక్‌ల గురించి కొట్టుకుంటారు కానీ ఈ స్క్రూ పావు చుట్టు చేసినంత తేడా ఏదీ చేయదు.

తీగమీద:

మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను. ఫేడర్ గారు చెప్పినట్టే ఫైలు తగ్గించి పెంచి, రాత్రి పదకొండు తర్వాత, ఫ్యాన్ కూడా ఆపేసి, రెండు రోజులు చేశాను. మొదటి రోజు 16కి 9, రెండో రోజు 16కి 8. తంబురా చుట్టూ ఉందన్న గాలి రెండిట్లోనూ ఉంది. తర్వాత ఆ సీడీ తీసి చూస్తే అందులో తంబురా లెవెలే తగ్గించేశారు, గాత్రం మీద ఏదో ఎకో వేశారు. ఇన్నేళ్ళూ నేను ఫార్మాట్ అనుకున్నది మాస్టరింగ్. చెప్పినందుకు కృతజ్ఞతలు. కానీ ఆ 24/96 ఫైలే వింటాను ఇకముందు కూడా, ఆ మాస్టర్ అందులోనే దొరుకుతోంది కాబట్టి.

ఫేడర్:

అమ్మా, ఇలా చేసి చూసి, వచ్చింది వచ్చినట్టు రాసేవాళ్ళు అరుదు. చివర మీరన్న మాటే నేనూ అంటాను, మంచి మాస్టర్ హై-రెస్‌లోనే అమ్ముతుంటే అదే కొనండి, అంకె కోసం కాకుండా మాస్టర్ కోసం. కొనేముందు స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలో శాంపిల్ ఫైలు తెరిచి చూడండి. 96 కిలోహెర్ట్జ్ అని అమ్ముతూ బొమ్మలో 22 వేల దగ్గర గోడకట్టినట్టు ఆగిపోతే అది సీడీని సాగదీసింది, 16 వేల దగ్గరే ఆగితే ఎంపీత్రీని సాగదీసింది.

గోదారి గట్టు:

మూడు వారాలయింది, అందరికీ ఒకేసారి జవాబిస్తున్నాను. డాక్ కొనలేదు. నాలుగు వేలలో వైరున్న హెడ్‌ఫోన్, దాన్ని ఫోన్‌కి తగిలించే వెయ్యి రూపాయల చిన్న డాంగిల్ తీసుకున్నాను, నా పాత బ్లూటూత్ దానికన్నా ఇదే ఎంతో బాగుంది. ఏబీఎక్స్ కూడా చేశాను. 24/96కీ 16/44.1కీ మధ్య 16కి 7. ఫ్లాక్‌కీ 320 ఎంపీత్రీకీ మధ్య 10. 128తో మాత్రం 16కి 16, భజన పాటలో తాళాలు మోగిన చోట నీళ్ళలో ముంచి తీసినట్టు "షిష్ షిష్" అని కరుగుతాయి, ఒకసారి పట్టుకున్నాక ఇక వినకుండా ఉండలేకపోతున్నాను. కోఠీ పాటలన్నీ ఒక్కొక్కటే మార్చుకుంటున్నాను. ప్లాన్ కూడా మామూలు లాస్‌లెస్‌కి, అంటే ఏదీ పోని సీడీ క్వాలిటీకి తగ్గించాను.

పాత ప్లేట్లు గారూ, మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు. సెకండ్‌హ్యాండ్ డెక్కు ఒకటి సంపాదించి, కొత్త బెల్టు వేయించి, హెడ్డు స్పిరిట్‌తో తుడిచి, మీరు చెప్పిన స్క్రూ తిప్పాను. నాన్న పక్కనే కూర్చున్నారు. నేను తిప్పుతున్నాను, దుప్పటి కింద ఉన్నట్టున్న గొంతు అలా అలా పైకొస్తోంది, ఒక చోట నాన్నే నా చెయ్యి పట్టుకుని "ఆగు, ఆగు, అక్కడే" అన్నారు. మీటర్ చూస్తే నిజంగా అక్కడే శిఖరం. ఇప్పటికి పదకొండు క్యాసెట్లు ఎక్కించాం, స్క్రూ నేను తిప్పుతాను, ఎక్కడ ఆపాలో ఆయన చెప్తారు.

ఒక ఇబ్బంది వచ్చింది. ఆయనకి బాగా ఇష్టమైన పద్యాల క్యాసెట్‌లో సౌండ్ ఊగుతోంది, వస్తూ పోతూ ఉంది. తీసి చూస్తే టేపు వెనక ఉండే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయింది. ఆ క్యాసెట్‌కి స్క్రూలు కూడా లేవు, అతికించేసి ఉంది. ఏం చేయాలి?

పాత ప్లేట్లు:

కంగారుపడకు, టేపు బాగుంటే అన్నీ బాగున్నట్టే. స్పాంజి బాగున్న, ఐదు స్క్రూలున్న ఖాళీ క్యాసెట్ ఒకటి తెచ్చుకో, నాలుగు మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి ఉంటాయి. పాతదాన్ని అతుకు వెంబడి సన్నటి బ్లేడుతో, టేపున్న ముందువైపు కాకుండా వెనక నుంచి మొదలుపెట్టి మెల్లగా విప్పు. రెండు చక్రాలూ టేపుతో సహా ఎలా ఉన్నవి అలాగే ఎత్తి కొత్త డబ్బాలో పెట్టు, ముందు ఒక ఫోటో తీసి పెట్టుకో, రోలర్ల మీదుగా టేపు ఎటు తిరిగిందో మర్చిపోతాం. వేళ్ళు టేపు మీద పడకుండా చూసుకో. ముందు పాడైపోయినా పర్వాలేదనే క్యాసెట్ మీద ఒకసారి చేసి చేతికి అలవాటు చేసుకుని, అప్పుడు నాన్నగారిది ముట్టుకో.

గోదారి గట్టు:

అలాగే చేస్తానండి. ఈ శనివారం ఊరెళ్తున్నాను, ఖాళీవి రెండు తీసి బ్యాగులో పెట్టుకున్నాను.